ముచ్చళిక

మూడు గంటలకల్లా వచ్చేస్తానన్న ఎస్సై దేవరాజ్ మూడున్నర దాటినా రాలేదు. భోజనానికి వెళ్లాడట. ఏం భోజనమో, పెళ్లి భోజనమా, ఇంకా వడ్డిస్తూనే ఉన్నారా అనుకుంది పిల్లమ్మ, స్టేషను వరండాలో ఇనుప బెంచీ అంచున కూర్చుని. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. ఎస్సై వచ్చాక ఆయన ఎదుట దాని కింద సంతకం పెడితే కేసు ఉండదు, ఇంటికి పోవచ్చు. దాన్ని ముచ్చళిక అంటారు ఇక్కడ. తప్పు నాదే, ఇకమీద చేయను, క్షమించండి అని రాసిచ్చే కాగితం. ఆమె చేయని తప్పును ఇంత అందంగా టైపు చేయించి తెచ్చిన మహానుభావుడు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అశోక్‌కుమార్ సారు. ఆమె వంట చేసే నాలుగువందల రెండో ఫ్లాటు యజమాని, ఆ అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. జేబులోంచి చిన్న సీసా తీసి చేతులకు శానిటైజరు రాసుకుంటున్నాడు. వచ్చినప్పటి నుంచి ఇది మూడోసారి.

రాసుకో నాయనా, బాగా రాసుకో. ఈ మనిషి శుభ్రత సంగతి పిల్లమ్మకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు, తొమ్మిదేళ్లు ఆ వంటింట్లో నిలబడింది. పనివాళ్లు పెద్ద లిఫ్టు ఎక్కకూడదని నోటీసు అతికించింది ఈయనే. చెత్తబుట్టలూ కుక్కలూ పనిమనుషులూ వెనకాల లిఫ్టులో రావాలి. ఆరు నెలలకొకసారి ఒంట్లో ఏ రోగమూ లేదని డాక్టరు చీటీ తెచ్చి గేటు దగ్గర ఇవ్వాలన్నదీ ఈయనే. ఇచ్చారు, కసువు ఊడ్చేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు, అందరూ వరుసలో నిలబడి ఇచ్చారు. ఇళ్లవాళ్లను ఎవరైనా చీటీ అడిగారా? వాళ్లవి చదువుకున్న రోగాలు కాబోలు, ఎవరిని పట్టుకోవాలో ఎవరిని వదిలెయ్యాలో వాటికి తెలుసు కాబోలు. పైన పటారం, లోన లొటారం. ఆయన తాగి పెట్టిన కాఫీ గ్లాసు ఆమె కడగాలి, ఆమె తాగే గ్లాసు మాత్రం సింకు కింద వేరుగా బోర్లించి ఉండాలి. తొమ్మిదేళ్లుగా ఆ గ్లాసు అక్కడే ఉంది. ఆ గ్లాసుతో ఆమె తాగుతూనే ఉంది, ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

కాగితం కన్నడంలో ఉంది. ముళబాగిలు దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇప్పటికి నాలుగుసార్లు చదివింది. నా ఇంట్లో చికెన్‌పాక్స్ ఉన్నా ఆ సంగతి దాచిపెట్టి పనికి వచ్చాను, నా నిర్లక్ష్యం వల్ల నాలుగువందల రెండులో పాపకూ, ఏడువందల మూడులో గర్భిణికీ రోగం అంటింది, మన్నించవలెను. మన్నించవలెనట. ఇంట్లో ఉండేది ఆమె, మొగుడు ఆవులప్ప, ఇద్దరే. కె.ఆర్.పురం మార్కెట్టు వెనకాల ఒంటి గది. ఇద్దరికీ చిన్నప్పుడే పోసి పోయింది, మొగుడి మొహం నిండా ఇప్పటికీ ఆ గుంటలే. ఆ గదికి వచ్చి చూసినవాళ్లు ఎవరు, అడిగినవాళ్లు ఎవరు? ఆవులప్పను అనాలి ముందు. పొద్దున బయల్దేరుతుంటే తల కూడా ఎత్తకుండా, "పెట్టేసి రాయే, పెద్దోళ్లతో మనకేమిటికి," అన్నాడు. పెట్టేసి రావాలట, పొయ్యి మీద గిన్నె పెట్టినంత సులభంగా.

ఇందాక అశోక్‌కుమార్ సారు సెల్లులో చూసి చట్టం చదివి వినిపించాడు. "పిల్లమ్మా, ఇది సీరియస్ సెక్షను. నిర్లక్ష్యంగా అంటిస్తే ఆరు నెలలు. తెలిసీ కావాలని అంటిస్తే రెండేళ్లు. నేను కాబట్టి మాట్లాడి ముచ్చళికతో సరిపెట్టిస్తున్నాను. నీ మంచికే." నీ మంచికే అన్నప్పుడు ఆయన కళ్లు ఆమె మీద లేవు, గోడ పక్కన నిలబడ్డ ఫయాజ్ మీద ఉన్నాయి. ఆ అబ్బాయికి వినపడాలని చెప్పిన మాట అది. ఫయాజ్ వినలేదు. గంట నుంచి కూర్చోమన్నా కూర్చోలేదు. గుంటూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లవాడు, ఏడో అంతస్తులో ఉంటాడు. కన్నడం ఒక్క ముక్క రాదు. ఫిర్యాదు ఇచ్చింది అతనే, మా ఇంటికి ఈ రోగం ఎవరు తెచ్చారో తేల్చండి అని. అతను అడిగింది అంతే. ఎవరు తెచ్చారో చెప్పింది మాత్రం అశోక్‌కుమార్ సారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పాతకాలపు దొంగల పని. ఈ కాలం దొంగ పక్కవాడి భుజాలు తడిమి చూపిస్తాడు.

సాక్ష్యం కూడా తెచ్చాడు. ఫైలులో ఒక ఫోటో ఉంది, వెనకాల లిఫ్టులో కెమెరా తీసింది. రెండు నెలల కిందటి శనివారం, పొద్దున ఏడూ పదకొండు. ఫోటోలో పిల్లమ్మ, చంకలో సంచీ, చేతిలో వేపకొమ్మ. చూశారా సార్, వేపాకు, అంటే వీళ్ల ఇంట్లో చికెన్‌పాక్స్ ఉన్నట్టే కదా, వీళ్ల పద్ధతే అంత కదా అన్నాడట ఎస్సైతో. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. వేపకొమ్మ ఎవరింటికి తీసుకుపోతారు? అమ్మవారు ఉన్న ఇంటికి తీసుకుపోతారు. ఉన్న ఇంట్లోంచి బయటికి తెస్తారా ఎవరైనా? ఆమె పల్లెలో గంజి తాగే పిల్లకు తెలిసిన సంగతి, ఇన్ని చదువులు చదివిన ఈ సంఘంలో ఒక్కడికీ తెలియలేదు. ఎస్సై దేవరాజ్‌కు కూడా తెలియలేదా, లేక తెలిసీ అన్నం వేళ అయిందని ఊరుకున్నాడా.

అమ్మ చేతి వాసన ఇప్పటికీ గుర్తుంది, పసుపూ వేపాకూ కలిసిన వాసన. ఆరేళ్ల పిల్లమ్మ వేపాకు పరిచిన చాప మీద పడుకుని ఉంది, ఒళ్లంతా మంట, అమ్మ పక్కన కూర్చుని వేపరెమ్మతో విసురుతోంది, గోక్కోవద్దు తల్లీ, గోక్కోవద్దు అంటోంది. ఎవరితో అంటోంది, కూతురితోనా, కూతురి మీదికి వచ్చిన తల్లితోనా, అప్పుడు తెలియలేదు. ఇంట్లో తాళింపు వేయలేదు పదకొండు రోజులు. నూనె కాగిన వాసన రాకూడదు, ఆవాలు చిటపటలాడకూడదు. వాకిట్లో వేపమండ కట్టారు, అంతే, ఊరంతటికీ తెలిసిపోయింది. గాజుల చిక్కమునియప్ప వీధి మొదట్లోనే ఆగిపోయాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ వైపు నీళ్లకు కూడా రాలేదు. అమ్మ ఎవరి గడపా తొక్కలేదు, మూడు నీళ్లు పోసి చద్ది నైవేద్యం పెట్టేదాకా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అసలు చెప్పకూడదు. అమ్మవారు ఉన్న ఇంట్లో రోగం పేరు ఎత్తితే తల్లికి కోపం వస్తుంది, ఇంకా ఎక్కువ పోస్తుంది. నోటితో అనకూడదు, మండ కట్టి చూపించాలి. ఆరు నెలలూ లేదు, రెండేళ్లూ లేదు, సెక్షను లేదు, ముచ్చళిక లేదు, ఊళ్లో ఒక్కరైనా మీరిన గుర్తు లేదు. ఇక్కడ వెయ్యి మంది ఉండే భవనానికి నలుగురు సెక్యూరిటీ, అరవై కెమెరాలు, అయినా ఒక్క వేపమండ ఒక్క పూట తలుపు మీద నిలవలేదు.

ఆ ముందురోజు, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు చూసింది. అశోక్‌కుమార్ సారు భార్య సుమ మేడం ఆఫీసు కాల్‌లో ఉండి, కాస్త రంజితకు స్నానం చేయించు పిల్లమ్మా అంది. మర్నాడు వాళ్ల పాప రంజిత ఐదో పుట్టినరోజు. చొక్కా తీస్తే పొట్ట మీద నాలుగు, వీపు మీద మూడు, నీటి బొట్లలా మెరుస్తున్నాయి. పిల్ల ఒళ్లు వేడిగా ఉంది. పిల్లమ్మ చెంబు కింద పెట్టి, మేడంను పిలిచి చూపించింది. సుమ మేడం చూసింది, మొహం మాడ్చుకుంది, డాక్టరుకు వీడియో కాల్ చేసింది. పిల్లమ్మ పక్కనే రేపటికి బఠాణీలు ఒలుస్తోంది. డాక్టరమ్మ కన్నడంలో చెప్పింది, ఇది చికెన్‌పాక్సే అయి ఉంటుంది, పది రోజులు బయటికి పంపకండి, గర్భిణులను మాత్రం దగ్గరికి రానివ్వకండి అని. సుమ మేడం ఓకే డాక్టర్, థాంక్యూ డాక్టర్ అంది. ఫోను పెట్టేసి ఇంకో ఫోను చేసింది. కేకు మీద గుర్రంపిల్ల బొమ్మ గులాబీ రంగులో ఉండాలని చెప్పడానికి.

అందుకే శనివారం పొద్దున పిల్లమ్మ మార్కెట్టు సందులో ఒక కుర్రాణ్ణి చెట్టెక్కించి మరీ కొమ్మ విరిపించుకుంది. అందరికంటే ముందు వచ్చి నాలుగువందల రెండు తలుపుకు కట్టింది. తన బాధ్యత తీరిందనుకుంది. చూసినవాళ్లకు తెలుస్తుంది, తెలిసినవాళ్లు రారు అనుకుంది. ఎంత పిచ్చిది. ఎనిమిది గంటలకు సుమ మేడం తలుపు తీసి చూసి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తెంపేసింది, ఎలుకను పట్టుకున్నట్టు. "వాట్ ఈజ్ దిస్ పిల్లమ్మా? ఇదేమన్నా విలేజా? హీట్ ర్యాష్ అది. నలభై మంది గెస్టులు వస్తున్నారు, మ్యాజిక్ షో వాడికి చెప్పేశాం. నువ్వేం మాట్లాడకు, సరేనా?" పిల్లమ్మ, "అది తల్లి, మేడం," అంది మెల్లగా. "తల్లీ లేదు గిల్లీ లేదు. పూరీలు, చోలే, ఇంకా ఆ ఉల్లిపాయ పకోడీ. ఫస్ట్ పకోడీ స్టార్ట్ చెయ్యి."

చేసింది. మూకుడు నిండా నూనె కాగుతుంటే, ఆవాలు చిటపటలాడుతుంటే, తల్లీ నన్ను తిట్టుకోకు, కూలికి వేయిస్తున్నాను, నా ఇష్టంతో కాదు అని లోపల దండం పెట్టుకుంటూ వేయించింది. తల్లికి దండం పెట్టుకుంది. మనుషులకు మాత్రం ఏమీ చెప్పలేదు. సాయంత్రం సుమ మేడం కూతురికి పొడుగు చేతుల గౌను తొడిగి, మెడ దగ్గర పౌడరు పులిమి, బెలూన్ల మధ్య నిలబెట్టింది. అశోక్‌కుమార్ సారు ఒక్కో అతిథికీ వాకిట్లోనే చేతుల్లో శానిటైజరు కొట్టాడు. ఆ ఇంట్లో నవ్వని మనిషి పిల్లమ్మ ఒక్కతే, ఎందుకంటే ఆ సీసా చూసి వస్తున్న నవ్వును ఆపుకుంటోంది.

లోపల ఎక్కడో ఫోను మోగింది. కానిస్టేబులు వెంకటలక్ష్మి తల బయటికి పెట్టి, సారు బయల్దేరినారంట, పది నిమిషాలు అంది. అశోక్‌కుమార్ సారు గడియారం చూసుకుని, పెన్ను తీసి, మూత కూడా తీసి పిల్లమ్మ పక్కన బెంచీ మీద పెట్టాడు. ఎంత మర్యాద. పది నిమిషాలు. ఇంకా చాందిని గురించి ఆలోచించలేదు. గంటసేపు ఊళ్లోవాళ్లందరినీ కడిగేసింది, అంట్లు తోమినట్టు ఒక్కొక్కరినీ తోమింది, చాందిని దగ్గరికి మాత్రం పోకుండా చుట్టూ తిరిగి వస్తోంది.

చాందిని ఫయాజ్ పెళ్లాం. ఆరు నెలలుగా వాళ్లింట్లోనూ పిల్లమ్మే వంట. ఆ ఇంట్లో వేరే గ్లాసు లేదు. మొదటిరోజే, "అక్కా, ముందు కూర్చో, టీ తాగు, తర్వాత చేద్దాం," అంది. ఏడో నెల వచ్చాక రాగిముద్ద తినాలని ఉందని పట్టుబట్టింది. నమలకుండా మింగాలమ్మా అంటే, "నమలకపోతే ఎట్లాగక్కా, గొంతులో పడిపోతుంది కదా," అని నవ్వి, దగ్గు వచ్చి, కళ్ల వెంట నీళ్లు కారి, మళ్లీ నవ్వింది. తనకు చిన్నప్పుడు పోయలేదని కూడా చెప్పింది ఎప్పుడో, మా అక్కలిద్దరికీ వచ్చింది, నేను అమ్మమ్మ ఊళ్లో ఉండి తప్పించుకున్నా అని. ఆ మాట పిల్లమ్మకు తెలుసు. డాక్టరమ్మ మాటా తెలుసు. శనివారం సాయంత్రం చాందిని పెద్ద పొట్టతో ఆయాసపడుతూ వచ్చి సోఫాలో కూర్చుంది, రంజిత పరుగెత్తుకొచ్చి ఒళ్లో ఎక్కింది, చాందిని ఆ పిల్లను దగ్గరికి లాక్కుని తలమీద ముద్దు పెట్టింది. పిల్లమ్మ పూరీల పళ్లెం పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉంది.

ఒక్క మాట. అమ్మా, పాపను దించమ్మా. అంతే చాలు. రోగం పేరు కూడా ఎత్తనక్కర్లేదు. ఎందుకు అనలేదు? పేరు ఎత్తకూడదు కాబట్టి అని రెండు నెలలుగా తనకు తాను చెప్పుకుంటోంది. మండ కట్టాను, నా వంతు నేను చేశాను, తెంపింది వాళ్లు. బాగుంది. చక్కటి ముచ్చళిక. కానీ ఆ క్షణాన సుమ మేడం అటువైపు నుంచి చూసింది, ఒక్క చూపు, నువ్వేం మాట్లాడకు సరేనా అన్న చూపు, పిల్లమ్మ గబుక్కున తల దించుకుని, ఇంకో పూరీ వేసుకోండమ్మా అంటూ వేరేవాళ్ల దగ్గరికి పోయింది. తొమ్మిదేళ్ల ఇల్లు పోతుందని పోయింది. తల్లికి భయపడి కాదు, సుమకు భయపడి. సింకు కింద గ్లాసు కోసం.

పదహారో రోజున చాందినికి పోసింది. పెద్దవాళ్లకు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుందట. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నెల తక్కువ బిడ్డ, ఆడపిల్ల, మూడు రోజులు ఉండి పోయింది. చాందిని ఇంటికి వచ్చింది కానీ తలుపు తీయడం లేదు. పిల్లమ్మ రెండుసార్లు రసం చేసుకుని పోయి గంట కొట్టింది. రెండోసారి లోపలి నుంచి, "ఎవరు," అని గొంతు వచ్చింది. నేనమ్మా పిల్లమ్మను అంటే, తలుపు తీయకుండానే, "ఇంకో రోజు రా అక్కా," అంది. అక్కా అంది. ఇంకా అక్కా అంటోంది. ఈ కాగితం మీద సంతకం పెడితే, ఫయాజ్ ఇంటికి పోయి, తెచ్చింది పిల్లమ్మేనట, ఒప్పుకుంది అని చెబుతాడు. ఆ పిల్ల బతికినంత కాలం బిడ్డను చంపింది పిల్లమ్మ అనుకుంటుంది. పెట్టకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాలుగడుగుల దూరం కూడా చెప్పాలి. అప్పుడు తలుపు ఎప్పటికీ తీయదు. ఎటు పోయినా ఆ అక్కా అనే పిలుపు ఇక రాదు.

జీపు ఆగింది. దేవరాజ్ పళ్లు కుట్టుకుంటూ మెట్లెక్కి, టోపీ టేబులు మీద పెట్టి, అందరినీ లోపలికి రమ్మన్నాడు. తెలుగు మనిషే, కోలారు వైపు. "ఏమమ్మా, చదువుకొంటివా? పెట్టు మరి సంతకం. నాకు ఇంకా నాలుగు పనులుండాయి." అశోక్‌కుమార్ సారు పెన్ను అందించాడు. పిల్లమ్మ పెన్ను తీసుకోలేదు. ఫయాజ్ వైపు తిరిగింది.

"అప్పా, ఇందులో ఏమి రాసినారో నీకు చెప్పినారా?"

ఆ మధ్యాహ్నం ఫయాజ్ ఆమె వైపు చూడడం అదే మొదటిసారి. "మీరే ఒప్పుకుని రాసిచ్చారన్నారు."

"నేను రాయలా. ఇది అబద్ధం. మా ఇంట్లో ఎవురికీ రాలేదు. సుక్రవారం సాయంత్రమే రంజితకు పోసి ఉణ్ణింది. డాక్టరమ్మ ఫోనులో చెప్పింది, కడుపుతో ఉండేవాళ్లను రానియ్యొద్దు అని. సుమ మేడం విన్నింది. మర్నాడు పొద్దున నేను వాళ్ల తలుపుకు వేపమండ కట్టినాను. పెరికి పారేసినారు."

అశోక్‌కుమార్ సారు లేచి నిలబడ్డాడు. "సార్, ఈవిడ తనను కాపాడుకోవడానికి ఏదేదో చెబుతోంది. ఫయాజ్, డోంట్ లిజన్ టు దిస్. అసలు ఈవిడకు ఎలా తెలుస్తుంది ఇదంతా?"

"నేను బఠాణీలు ఒలుస్తా ఉణ్ణాను సార్, మీ ఇంట్లోనే. మీకు కనపడి ఉండను." ఆ మాట అన్నాక కూడా ఆమెకు హాయిగా ఏమీ అనిపించలేదు. డాక్టరమ్మ కాల్ సుమ మేడం సెల్లులోనే ఉంటుంది, చూసుకోండి సార్ అంది ఎస్సైతో. దేవరాజ్ పళ్లు కుట్టుకోవడం ఆపి అశోక్‌కుమార్ వైపు చూశాడు. అశోక్‌కుమార్ సారు చేయి జేబులో సీసా కోసం వెతుక్కుంది.

ఫయాజ్ మాత్రం వాళ్లిద్దరినీ చూడడం లేదు. "మీకు తెలుసు," అన్నాడు పిల్లమ్మతో. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా నెమ్మదిగా అడిగాడు. "చాందిని ఆ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పార్టీ వీడియోలో ఉంది. అప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"ఆ తావనే ఉణ్ణాను అప్పా, నాలుగడుగుల దూరంలో."

"చూశారా?"

"చూసినాను."

"చెప్పలేదు."

"చెప్పలా."

ఫయాజ్ మొహంలో కోపం రాలేదు, ఏడుపు రాలేదు. అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు పిల్లమ్మకు బాగా తెలుసు. గంట నుంచి ఆ వరండాలో కూర్చుని ఆమె అందరినీ చూస్తున్న చూపే అది. ఇప్పటిదాకా అది తన సొంతమనుకుంది.

దేవరాజ్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఇదంతా వాంగ్మూలంగా రాస్తే ముచ్చళిక కాదు, కేసే అవుతాది. ఆ మేడం పేరు వస్తాది, నీ పేరూ వస్తాది. తెలిసీ అనే మాట నీకూ తగులుతాది. యోచన చేసుకో."

పిల్లమ్మ కాగితాన్ని టేబులు మీద పెట్టింది. ఫయాజ్ ఇంకా చూస్తూనే ఉన్నాడు, ఆమె కళ్లు దించుకోలేదు.

"రాయండి సార్," అంది. "ముందు నా పేరే రాయండి."